ఊరి గాలి – ఎదుగు పిల్లల ఊపిరి

ఊరి చెరువు ఎవరిది అని అడిగినచో, ఊరందరిది అని చిన్న పిల్లవాడు సైతము చెప్పును. ఆ చెరువులో ఎవరైనను మురికి కలిపినచో పంచాయతీ చూచుచు ఊరకుండదు. కాని ఊరి గాలి ఎవరిది అన్న ప్రశ్న మన గ్రామసభలలో అరుదుగానే వినవచ్చుచున్నది. నీటిని కాచి త్రాగవచ్చును, వడగట్టి త్రాగవచ్చును, బాగుగా లేదని తోచినచో ఆ పూటకు మానవచ్చును. గాలి విషయమున ఈ వెసులుబాటు లేదు. పెద్దవాడొకడు రోజునకు సుమారు 10,000 లీటర్ల గాలిని పీల్చి విడుచుచున్నాడు. ఎవరి ఇంటి పొగయైనను, ఎవరి కల్లపు దుమ్మైనను, ఎదురుగా ఉన్నవాని ఊపిరిలోనికి పోక తప్పదు.

ప్రతి గ్రామమునందును ఏడాది పొడవున ముక్కు కారుచు, ఉదయము లేచినది మొదలు తుమ్ముచు, తెల్లవారుజామున దగ్గుచు బడికి పోవు పిల్లలు కొందరు కానవచ్చుచున్నారు. “వానిది రొంప శరీరము”, “ఆ పిల్లకు దుమ్ము పడదు” అని పెద్దలు సరిపెట్టుకొనుచున్నారు. పిల్లలు పెద్దవారైనకొలది అదే పోవునని ఆశించుచున్నారు. కొందరికి పోవును, కొందరికి పోదు. ఏండ్ల తరబడి పీల్చిన పొగ, దుమ్ము 10 మొదలు 19 ఏండ్ల వయస్సు పిల్లలలో ముక్కు, ఊపిరితిత్తుల ఎలర్జీని ఎట్లు పెంచునో, దానిని తగ్గించుటలో పంచాయతీ చేతిలో ఉన్న పని ఎంతయో, మంగళగిరి పరిసరములను దృష్టియందుంచుకొని ఇచ్చట వివరింపదలచితిమి.

మంగళగిరి – నాడు, నేడు

నేడు మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉన్న ఆవరణమున ఒకప్పుడు క్షయరోగుల శానటోరియము ఉండెడిది. క్షయకు తగిన మందులు లేని దినములలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి అనునవే చికిత్సగా ఎంచబడెడివి. అందుచేతనే అట్టి వైద్యశాలలను గాలి నిర్మలముగా ఉండు తావులలో నెలకొల్పుట అప్పటి ఆచారము.

ఆనాటి మంగళగిరికిని నేటి మంగళగిరికిని పోలిక తక్కువ. చెన్నపట్టణము నుండి కలకత్తా పోవు 16వ నెంబరు జాతీయ రహదారి ఈ పట్టణము మీదుగనే సాగుచున్నది. లారీలు, బస్సులు రేయింబవళ్లు ఆగక నడచుచున్నవి. 2015 అక్టోబరు 22వ తేదీన అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగిన నాటినుండి ఈ చుట్టుపట్ల కట్టడములు పెరిగినవి. 2021లో మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు సమీప గ్రామములు కొన్ని నగరములో కలిసినవి. తూర్పున దుగ్గిరాల, తెనాలి వైపు కృష్ణా పశ్చిమ డెల్టా వరి, పసుపు, మొక్కజొన్న పొలములు. పడమట తాడికొండ, సత్తెనపల్లి వైపు నల్లరేగడిలో పత్తి, మిరప. రహదారి పొగ, కట్టడపు దుమ్ము, పంట ధూళి, పొలము పొగ – ఈ నాలుగును కలియు చోట మన పిల్లలు పెరుగుచున్నారు.

మంగళగిరికి ఒక ప్రక్క విజయవాడ, వేరొక ప్రక్క గుంటూరు. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమున, గాలిలోని ధూళి ప్రమాణములను మించినదని గుర్తించిన ఆంధ్రప్రదేశ్ నగరములు 13 చేరినవి. అందు గుంటూరు, విజయవాడ, ఒంగోలు కలవు. నగరముల గాలికి పొలిమేర రాళ్లు లేవు కదా! నగరమునకు పట్టిన బెడద చుట్టునున్న గ్రామములను తాకకపోదు; గ్రామముల పొగయు నగరమును చేరకపోదు.

ఘాటు వేరు, ఎలర్జీ వేరు

మిరప పండించు ప్రాంతమున ఈ భేదమును మొదట తెలిసికొనుట మంచిది. కల్లములో ఎండుమిరపకాయలు తిరుగవేయునప్పుడు, తొడిమలు తీయునప్పుడు, టిక్కీలు త్రొక్కి నింపునప్పుడు అచ్చటనున్న వారందరును తుమ్ముదురు, దగ్గుదురు. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము ముక్కు, గొంతులలోని నరములను మండించుటయే దీనికి కారణము. ఇది ఘాటు. ఎవరికైనను కలుగును, అచ్చటినుండి తొలగినచో కొంతసేపటికి తగ్గును.

ఎలర్జీ అట్టిది కాదు. శరీరమునకు రోగక్రిములతో పోరాడు రక్షణ బలగము కలదు. ఈ బలగము కొందరిలో పొరబడి, హాని చేయని పుప్పొడిని, ఇంటి దుమ్ములోని కంటికి కనబడని పురుగులను, బూజును శత్రువులుగా ఎంచును. ఒకసారి అట్లు ఎంచిన పిదప వానికి ప్రత్యేకముగా ఒక విధమైన ప్రతిదేహములను తయారుచేసి సిద్ధముగా ఉంచుకొనును. మరల ఆ పుప్పొడి ముక్కు చేరగనే హిస్టమిన్ మున్నగు రసాయనములు వెలువడును. దానివలన ముక్కు దురద, వరుస తుమ్ములు, నీళ్లు కారుట, కండ్లు ఎరుపెక్కుట జరుగును. అదే మార్పు ఊపిరి గొట్టములలో జరిగినచో అవి వాచి, ముడుచుకొని, పిల్లికూతలు, ఆయాసము కలుగును. దానినే ఉబ్బసము అందుము. వైద్యులు ముక్కును, ఊపిరితిత్తులను ఒకే బాటగా భావించుచున్నారు. ముక్కు ఎలర్జీని ఏండ్ల తరబడి విడిచిపెట్టిన వారిలో కొందరికి ఉబ్బసము తోడగుట ఇందువలననే.

ఎలర్జీ తత్త్వము కొంత వంశమున వచ్చును. తల్లికో తండ్రికో ఉన్నచో పిల్లలకు వచ్చు అవకాశము హెచ్చు. అయినను వంశము ఒక్కటే కారణమైనచో తరతరమునకు ఇంతగా పెరుగవలసిన పని లేదు. తత్త్వము విత్తనము వంటిది. అది మొలచుటకు పదును కావలెను. ఆ పదునును ఇచ్చువానిలో పొగయు, సన్నని ధూళియు ముఖ్యమైనవి.

సన్నని ధూళి చేయు పని

గాలిలోని దుమ్ము అంతయు ఒక్కటే కాదు. కంటికి కనబడు ముతక దుమ్ము చాలవరకు ముక్కు వెండ్రుకలలోను, చీమిడిలోను చిక్కుకొని బయటికి వచ్చును. రెండున్నర మైక్రానులకు లోబడిన ధూళి అట్లు చిక్కదు. అది మన తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు ఉండును. డీజిలు పొగలోను, చెత్త పొగలోను, కట్టెల పొయ్యి పొగలోను ఇట్టిదే అధికము. ఇది ఊపిరితిత్తుల లోపలి గదులవరకు పోయి అచ్చట నిలిచిపోవును.

దీని వలన కీడు రెండు విధములు. మొదటిది, ఊపిరి మార్గము లోపలి పొరను ఇది మాటిమాటికి ఒరసి వాపు పుట్టించును. వాచి చీలిన పొర గుండ పుప్పొడి, పురుగుల ధూళి సులభముగా లోపలికి చొరబడును. రెండవది, రక్షణ బలగమును ఇది మరింత రెచ్చగొట్టును. డీజిలు పొగరేణువులను పుప్పొడితో కలిపి ముక్కునకు తగిలించినప్పుడు, పుప్పొడి ఒక్కటే తగిలినప్పటికంటె ఎలర్జీ ప్రతిదేహములు ఎక్కువగా పుట్టుచున్నట్లు 1990 తరువాత అమెరికాలో జరిగిన పరిశోధనలు చూపినవి. కనుక పుప్పొడికి పొగ తోడైనచో కీడు కూడికగా గాక హెచ్చవేతగా పెరుగునని చెప్పవచ్చును.

మన దేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము ఈ సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములను మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 10 నుండి 5 మైక్రోగ్రాములకు తగ్గించినది. కొద్దిపాటి ధూళి సైతము ఏండ్ల తరబడి పీల్చినచో కీడు చేయుననుటకు ఆధారములు పెరిగినందుననే ఈ మార్పు జరిగినది.

ఈ వయస్సే ఏల ముఖ్యము?

ఇల్లు కట్టుచున్నప్పుడు పునాదిలోనికి నీరు వచ్చినచో గోడలకు జీవితాంతము చెమ్మ తప్పదు. ఊపిరితిత్తులును అట్టివే. పుట్టుకతో పూర్తిగా ఏర్పడవు. ఆడపిల్లలకు సుమారు 18 ఏండ్లవరకు, మగపిల్లలకు ఇరువది దాటువరకు వాని శక్తి పెరుగుచునే ఉండును. ఆ పిదప పెరుగుట నిలిచి, వయస్సుతోపాటు మెల్లగా తరుగుట మొదలగును. ఈ ఏండ్లలో ఎంత కూడబెట్టుకొన్నచో అంతయే తక్కిన జీవితమునకు నిలువ.

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో 1993 మొదలుకొని 12 ఊళ్ల పిల్లలను పరిశోధకులు ఏటేట పరీక్షించిరి. వారిలో 10 నుండి 18 ఏండ్లవరకు గమనించిన పిల్లల ఫలితములు 2004లో ప్రచురింపబడినవి. సన్నని ధూళి మిక్కిలి తక్కువగా ఉన్న ఊరిలో, 18 ఏండ్లు వచ్చునప్పటికి ఊపిరి బలము తగినంతకంటె బాగుగా తక్కువైన పిల్లలు నూటికి ఇద్దరికి లోపే. ధూళి మిక్కిలి ఎక్కువగా ఉన్న ఊరిలో అట్టివారు నూటికి సుమారు 8 మంది. ఎక్కువ తక్కువల తేడా దాదాపు 5 రెట్లు.

ఈ కథ అంతటితో ముగియలేదు. తరువాతి ఏండ్లలో అచ్చటి ప్రభుత్వములు వాహనముల పొగను, కర్మాగారముల పొగను అదుపుచేసినవి. అవే ప్రాంతములలో తరువాత పెరిగిన పిల్లలను మరల పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించిరి. ఊపిరి బలము తక్కువైన పిల్లల సంఖ్య నూటికి 8 నుండి 4కు లోబడి తగ్గినది. ఎలర్జీ తత్త్వము గలవారిని మార్చలేదు, ఊళ్లను ఖాళీచేయలేదు, గాలిని మార్చిరి. పిల్లల ఊపిరి మారినది. మన పంచాయతీ సభ్యులు దీనిని ముఖ్యముగా గ్రహింపవలెను. ఈ కీడు విధివ్రాత కాదు, తగ్గింపదగినది.

పన్నెండు నెలల పొగ

“ఇది సీజను జలుబు” అని మనము అనుచుందుము. కాని మంగళగిరి పరిసరములలో ఒక్కొక్క ఋతువునకు ఒక్కొక్క పొగయో, ధూళియో కలదు. లెక్కించి చూచినచో పిల్లల ఊపిరికి తెరపి దొరకు నెలలు స్వల్పము.

మార్గశిర, పుష్యమాసములలో డెల్టాలో వరి కోతలు జరుగును. కోతయంత్రము వచ్చిన పిదప పొలములో చిందరవందరగా మిగిలిన గడ్డిని తగులబెట్టుట కొన్నిచోట్ల అలవాటైనది. ఆ దినములలో రాత్రి నేల చల్లబడి, మంచు దిగి, పొగ పైకి పోక ఊరి మీదనే కప్పుకొని ఉండును. భోగినాడు పాత కట్టెలు, పిడకలు వేయుట మన సంప్రదాయము. ఇప్పుడు పాత టైర్లు, ప్లాస్టిక్ సంచులు కూడ వేయుచున్నారు. ఇది సంప్రదాయము కాదు. టైరు పొగ తెల్లవారుజామున ఆ మంట చుట్టు మూగిన పిల్లల ఊపిరిలోనికే మొదట పోవును.

మాఘము మొదలు చైత్రము వరకు మిరప కోతలు, కల్లములు. పదవ తరగతి పరీక్షలును ఇంచుమించు ఈ దినములలోనే వచ్చును. రాత్రి దగ్గుతో నిద్ర లేని పిల్ల పగలు పరీక్ష వ్రాయవలసివచ్చును. బడి లేనప్పుడు తల్లివెంట తొడిమలు తీయుటకు కూర్చుండు పిల్లలు కలరు. ఘాటు ఎలర్జీ కాదని చెప్పియుంటిమి. కాని ఉబ్బస తత్త్వము గల పిల్లకు ఆ ఘాటు, ఆ దుమ్ము ఆయాసమును రేపును. పత్తి నూగు ఎగురు జిన్నింగు మిల్లుల ప్రక్కను, మగ్గపు గుంటల వద్దను నివసించు పిల్లల విషయమున కూడ ఇట్టి జాగ్రత్త అవసరము.

వైశాఖ, జ్యేష్ఠములలో పత్తికట్టె, మిరపకట్టె, మొక్కజొన్న మోళ్లు తగులబెట్టుట కద్దు. వానలు పడిన పిదప వయ్యారిభామ మొక్క రోడ్ల ప్రక్కన, ఖాళీ స్థలములలో, బడి ఆవరణలలో మొలచి తెల్లని పూలు పూయును. 1950 తరువాతి దశకమున పూనా ప్రాంతమున మొదట గుర్తింపబడిన ఈ విదేశపు కలుపు నేడు దేశమంతట అల్లుకొన్నది. దీని పుప్పొడి ముక్కు ఎలర్జీని, దీని స్పర్శ చర్మపు ఎలర్జీని కలిగించును. ఆ వెనుక దీపావళి పొగ, మరల కోతలు. వీనికి తోడు నిత్యము వీధి మూల తగులబెట్టు చెత్త.

ఇంటిలోపలి పొగ దీనికి అదనము. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల, 2024 నుండి దీపము–2 క్రింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చినందున వంటయింటి పొగ చాల తగ్గినది. అయినను నీళ్లు కాచుటకు పత్తికట్టెల పొయ్యి అనేక ఇండ్ల పెరటిలో వెలుగుచునే ఉన్నది. దోమల చుట్టను ఎవరును పొగగా ఎంచరు. ఒక్క చుట్ట కాలినప్పుడు వెలువడు సన్నని ధూళి 75 నుండి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రచురింపబడిన ఒక పరిశోధన తెల్పినది. తలుపులు మూసిన గదిలో దానిని వెలిగించి పిల్లలను నిద్రపుచ్చుట ఎంతటి పొరపాటో దీనివలన ఊహింపవచ్చును.

గుర్తించుట, వైద్యము

వారమునకు నాలుగు దినములకు మించి, నెల దాటి, తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉన్నచో అది వట్టి రొంప కాదు. రాత్రి దగ్గుతో మెలకువ వచ్చుట, పిల్లికూతలు, ఆటలో తోటివారికంటె ముందుగా ఆయాసపడి కూర్చుండిపోవుట – ఇవి ఉబ్బసమునకు గురుతులు. రెండు వారములకు మించిన ఏ దగ్గుకైనను క్షయ పరీక్ష తప్పక చేయింపవలెను. మాటలు పూర్తిగా పలుకలేనంత ఆయాసము, పెదవులు నీలివన్నెకు తిరుగుట కనబడినచో క్షణము ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించు వ్యాధుల పట్టికలో ఊపిరి గొట్టముల ముడుచుకొనిపోవు వ్యాధి కూడ చేరియున్నది. వైద్య బృందము బడికి వచ్చు దినమున ఇట్టి పిల్లల పేర్లను ఉపాధ్యాయుడు ముందుగనే వ్రాసి ఉంచినచో పని సులభమగును. పెద్ద పరీక్షలు అవసరమైనచో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రియు, 2024 ఫిబ్రవరి 25వ తేదీన జాతికి అంకితము చేయబడిన మంగళగిరి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు అందుబాటులో కలవు.

పీల్చు మందు గూర్చి ప్రజలలో రెండు భయములు కలవు. అది అలవాటై విడువదని ఒకటి. ఆడపిల్ల దానిని పీల్చుట నలుగురు చూచినచో పెండ్లి సంబంధములు తప్పిపోవునని రెండవది. మొదటి భయమునకు ఆధారము లేదు. మాత్రలో మందు మిల్లీగ్రాములలో ఉండగా పీల్చు మందు మైక్రోగ్రాములలో, అనగా వెయ్యవ వంతుల లెక్కలో ఉండి, నేరుగా కావలసిన చోటికే చేరును. ఆయాసమప్పుడు మాత్రము వాడు ఉపశమన మందు ఒక్కటే చాలదనియు, 12 ఏండ్లు దాటినవారికి వాపు తగ్గించు మందు కూడ తప్పక ఉండవలెననియు 2019 నుండి అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. కనుక వైద్యుడు వ్రాసిన మందును తగ్గినట్లున్నదని మధ్యలో మానరాదు. దుకాణములో అడిగి తెచ్చుకొను పాతరకపు జలుబు మాత్రలు నిద్రమత్తు కలిగించి చదువును చెరచును.

రెండవ భయము మందుతో పోవునది కాదు. దాచిన జబ్బు ముదురును. చికిత్స పొందిన పిల్ల అందరివలె చదివి, ఆడి, పనిచేసి, సంసారము చేయగలదు. ఈ మాటను ఊరి పెద్దలు నలుగురిలో పలికినప్పుడే తల్లిదండ్రులకు ధైర్యము కలుగును. ఇందులో మహిళా సభ్యులు, ఆశా కార్యకర్తలు చేయగల సహాయము మిక్కిలి విలువైనది.

పంచాయతీలు చేయదగిన పనులు

జాతీయ రహదారిపై లారీలను పంచాయతీ ఆపలేదు. నగరపు పొగను ఆపలేదు. ఇది నిజమే. కాని పిల్లవాని ముక్కునకు మిక్కిలి దగ్గరగా ఉన్న పొగ, దుమ్ము పంచాయతీ హద్దులోనివే. ఈ క్రింది పనులకు పెద్ద వ్యయము అవసరము లేదు.

1. చెత్తకు నిప్పు పెట్టుట మానుట. 2016లో ప్రకటించిన ఘన వ్యర్థముల నియమములు బహిరంగముగా చెత్త తగులబెట్టుటను నిషేధించినవి. పంచాయతీ కార్మికులే ఊడ్చిన చెత్తకు నిప్పంటించు అలవాటు ఉన్నచో మొదట దానిని మాన్పవలెను. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి చెత్త నుండి సంపద తయారీ కేంద్రమునకు చేర్చవలెను. కట్టిన షెడ్డు తాళము వేసి ఉండుట కంటె నడచుట మేలు.

2. పంట కట్టెను, గడ్డిని కాల్చకుండుట. ఒక టన్ను వరిగడ్డి కాల్చినచో సుమారు 3 కిలోల ధూళి గాలిలో కలియునని అంచనా. ఆ టన్ను గడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉండును. నత్రజని దాదాపు అంతయు మంటతో పోవును. రైతు డబ్బు పెట్టి కొను ఎరువే అది. గడ్డిని యంత్రముతో కట్టలు కట్టించి పశువులకు వాడుట, పత్తికట్టెను ముక్కలుచేయు యంత్రముతో నలిపి భూమిలో కలియదున్నుట మంచిది. పత్తికట్టెను చేలో నిలువయుంచినచో గులాబిరంగు పురుగు బెడద కూడ కలదు గనుక, కాల్చకుండ త్వరగా నలుపుటయే రెండు విధముల లాభము. ఒక్కొక్క రైతు యంత్రమును కొనలేడు. నలుగురు కలిసి అద్దెకు తెప్పించుకొనునట్లు పంచాయతీ ఏర్పాటు చేయవచ్చును.

3. కల్లములకు తావు నిర్ణయించుట. బడి, అంగన్‌వాడి, వసతిగృహములకు ఎదురుగాలి పడని దిక్కున, తగినంత దూరమున మిరప కల్లములు వేసుకొనునట్లు కోతలకు ముందుగనే గ్రామసభలో నిర్ణయింపవలెను. నేలపై గాక పట్టాలపై ఆరబోసినచో దుమ్ము తగ్గును, కాయకు మన్ను అంటక ధరయు పలుకును. తొడిమలు తీయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఆ పనికి బడి పిల్లలను కూర్చుండబెట్టరాదు.

4. వయ్యారిభామను పూతకు రాకముందే పెరుకుట. పూచిన తరువాత పెరికినచో పుప్పొడి పెరుకువారికే తగులును. తొలకరి పడిన మూడు నాలుగు వారములలో, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకొని వేళ్లతో సహా తీయవలెను. ఎలర్జీ గల పిల్లలచేత ఈ పని చేయింపరాదు.

5. దారి దుమ్ము అణచుట. కట్టడము జరుగుచోట ఇసుక, మట్టి కప్పి ఉంచవలెననియు, మట్టి లారీలపై పట్టా కప్పవలెననియు పంచాయతీ షరతు విధింపవచ్చును. బడి ముందు బాటను ముందుగా సిమెంటు చేయించుట, బాటకును బడికిని నడుమ వేప, కానుగ చెట్లు వరుసగా నాటుట మంచిది.

6. భోగి, దీపావళి. భోగి మంటలో టైరు, ప్లాస్టిక్ వేయరాదని పండుగకు వారము ముందు దండోరా వేయింపవలెను. వీధికొక మంటకు బదులు వాడకొక మంట చాలునని పెద్దలు నిర్ణయించినచో పండుగ వేడుకకు లోటు రాదు.

7. లెక్క వ్రాయుట. ఊరిలో 10 నుండి 19 ఏండ్లలోపు పిల్లలలో ఎందరికి విడువని తుమ్ములు, పిల్లికూతలు ఉన్నవో ఏడాదికొకసారి ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్త కలిసి ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ సంఖ్యను మాత్రమే గ్రామసభలో చదువవలెను, పిల్లల పేర్లు చదువరాదు. చెరువులో నీటిమట్టము ఎంత ఉన్నదో తెలిసికొనునట్లే ఇదియు తెలిసికొనదగినది.

పొగకు పొలిమేర లేదు గనుక, ఒక గ్రామము మాని ప్రక్క గ్రామము కాల్చినచో ఫలితము సగమే. ఇరుగుపొరుగు పంచాయతీలు కోతలకు ముందు కలిసి మాటలాడుకొని ఒకే తీర్మానము చేసుకొనుట మంచిది. గ్రామ పంచాయతీల అభివృద్ధి ప్రణాళికలలో ఆరోగ్యవంతమైన గ్రామము, బాలలకు అనువైన గ్రామము, పరిశుభ్రమైన పచ్చని గ్రామము అనునవి వేరువేరు లక్ష్యములుగా పేర్కొనబడియున్నవి. గాలిని శుభ్రపరచు ఏ పనియైనను ఈ మూడింటికిని ఒకేసారి ఉపకరించును.

రోడ్డు వేసినచో ఆ ఏడే కనబడును. వీధి దీపము వెలిగించినచో ఆ రాత్రియే కనబడును. గాలి బాగుపడినచో వెంటనే కంటికి కనబడదు; పది పన్నెండేండ్ల పిల్లలు ఇరువది ఏండ్ల యువకులైనప్పుడు కనబడును. అప్పటికి నేటి సభ్యులలో ఎందరు పదవిలో ఉందురో చెప్పజాలము. కాని నేడు మంటను మాన్పించిన పంచాయతీ ఫలమును, పొలములో నాగలి పట్టునప్పుడును, మగ్గముపై కూర్చుండునప్పుడును, కొండ మెట్లెక్కి స్వామిని దర్శించునప్పుడును ఆయాసము లేక నడచు ఆ పిల్లలు అనుభవింతురు. రానున్న గ్రామసభ కార్యక్రమములో ఊరి గాలిని ఒక అంశముగా చేర్చవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.